ఉప్పుగాలి - మన ఇంటి కిటికీలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను అనేది ఎవరో దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ ఆ తీర్పు సారాంశం. దాన్ని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడే చెప్పారు, "డి.ఎ. గురించి, పి.ఆర్.సి. గురించి చెప్పేవాళ్లు నలుగురున్నారు. మీరు ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని. అందుకని కిటికీల గురించి చెబుదామని వచ్చాను.

నవ్వకండి. నేను ముప్ఫై అయిదేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఇంజనీరును కాను, వడ్రంగిని అసలే కాను. అయినా సముద్రానికి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఒకే ఇంట్లో నలభై ఏళ్లకు పైగా కాపురం చేస్తున్నాను. ఆ ఇంట్లో తొమ్మిది కిటికీలున్నాయి. వాటిలో చెక్కవి, ఇనుప గ్రిల్లువి, అల్యూమినియంవి, ఈ మధ్య పెట్టించిన జంట అద్దాలవి, అన్ని రకాలూ ఉన్నాయి. ప్రతిదీ నాకు ఏదో ఒక పాఠం నేర్పింది. కొన్ని పాఠాలకు ఫీజు కాస్త ఎక్కువే పడింది.

ముందుగా ఆ పెద్ద ఫీజు సంగతి చెబుతాను.

కావలి తుఫాను రాత్రి

1989 నాటి మాట. మాది కావలికి తూర్పున, బకింగ్‌హామ్ కాలువకు ఇవతల ఒక పల్లె. మా నాయన కట్టించిన రెండు గదుల మిద్దె, దాన్ని ఆనుకుని పెంకుల వంటిల్లు. తూర్పు గోడకు రెండు రెక్కల చెక్క కిటికీ ఉండేది. దాని ఎడమ రెక్క పైబందు సడలిపోయింది. చట్రం వైపు ఉండాల్సిన మూడు మరమేకుల్లో రెండు తుప్పుపట్టి రాలిపోయాయి. దసరా నాటి నుంచీ మా ఆవిడ చెబుతూనే ఉంది. "ఏమండీ, ఆ రెక్క ఒరిగిపోతా ఉండాది. వడ్రంగిని పిలిపించండి" అని. నేను ఈ ఆదివారం అంటిని, వచ్చే ఆదివారం అంటిని. ఆఫీసులో ఒక కాగితం నా బల్లమీద అన్ని రోజులు పెండింగులో ఉంటే నాకు మెమో వచ్చేది. ఇంట్లో మెమో ఇచ్చేవాళ్లు లేరు గదా!

నవంబరు 8న నాకు మండల కార్యాలయంలో తుఫాను డ్యూటీ పడింది. ఇంట్లో మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి తుఫాను కావలి దగ్గర తీరం దాటింది. థాయిలాండ్ సింధుశాఖలో పుట్టి అంత దూరం వచ్చిన తుఫాను అది. బయటి దేశాల వాళ్లు దాన్ని 'గే' అన్నారు. మనకు మాత్రం అది కావలి తుఫానే.

రాత్రి పది దాటాక ఆ ఒక్క మరమేకూ ఊడింది. రెక్క విరిగి గదిలోకి వచ్చి పడింది. గాలి లోపలికి జొరబడితే దానికి బయటికి పోయే దారి కావాలి. అది వంటింట్లోకి మళ్లి పెంకులను కింది నుంచి లేపేసింది. మా అమ్మా, మా ఆవిడా కలిసి పట్టెమంచాన్ని నిలువుగా ఎత్తి ఆ కిటికీకి అడ్డం పెట్టి, తెల్లవారేదాకా దానికి వీపులు ఆనించి నిలబడ్డారు. పిల్లల్ని బియ్యం గుమ్మి వెనక కూర్చోబెట్టారు. రెక్క వచ్చి తగిలిన చోట మా ఆవిడ ఎడమ చేతికి మోచేతి కింద గాయమైంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మరునాడు మధ్యాహ్నానికి, దారి పొడుగునా పడిన చెట్లు దాటుకుంటూ నడిచి ఇల్లు చేరాను. నలుగురూ ప్రాణాలతో ఉన్నారు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. "ఆ బందు గూట్లో పెట్టుండా, చూడండి" అన్నది. అంతే.

ఇదిగో, ఆ బందు ఇదే. కాగితంలో చుట్టి తెచ్చాను. సభ అయ్యాక చూడదలచినవారు చూడవచ్చు. రెండు మరమేకుల ఖరీదు ఆ రోజుల్లో రూపాయి కూడా లేదు.

ఆ తరువాత ఆ కిటికీ బాగుచేయడానికి వచ్చిన మా ఊరి వడ్రంగి పెద్దాయన పక్కన రెండు రోజులు కూర్చుని పని చూశాను. ఇప్పుడు ఆయన లేరు. నాకు తెలిసిన దానిలో సగం ఆయన చెప్పిందే.

మన తీరంలో ఏమిటి ప్రత్యేకం?

మన జిల్లా తీరంలో మూడు శత్రువులు కలిసి పనిచేస్తాయి. మొదటిది ఉప్పు. అలలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో కలిసి ఊళ్లలోకి వస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఉప్పుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. వానాకాలంలో మన ఉప్పు జాడీ చెమర్చినట్లే కిటికీ ఊచలమీది ఉప్పూ చెమరుస్తుంది. అంటే వాన లేని రోజున కూడా ఇనుము తడిగానే ఉంటుంది. మైపాడులోనూ, కోడూరులోనూ, తుమ్మలపెంటలోనూ గ్రిల్లులు నెల్లూరు టౌనులో కంటే త్వరగా తినిపోవడానికి కారణం ఇదే.

రెండోది ఎండ. మే నెలలో పడమటి గాలి వీచినప్పుడు మన ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. అది కొయ్యను చీలుస్తుంది, రంగును పొడి చేస్తుంది, రబ్బరును గట్టిపరుస్తుంది. మూడోది మన వాన. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. గాలితో కలిసి ఏటవాలుగా కొడతాయి. సన్‌షేడు ఉన్నా కిటికీ తడుస్తుంది.

అందువల్ల మన క్యాలెండరు ఇది. జనవరి నుంచి మార్చి దాకా మరమ్మతులు, రంగులు. సెప్టెంబరులో తనిఖీ. వానల్లో కేవలం కాపలా.

చెక్క కిటికీలు

చెక్క కిటికీ వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటుంది. వెంటనే చిత్రిక పట్టించేద్దామనిపిస్తుంది. 1990 నవంబరులో నేనూ అదే అడిగాను. మా పెద్దాయన ఒప్పుకోలేదు. "అయ్యా, ఇప్పుడు కొయ్య నీళ్లు తాగుండాది. ఇప్పుడు కోస్తే ఎండల్లో వేలు పట్టే సందు పడతది. ఆ సందులోంచే మళ్లా నవంబరులో వాన లోపలికొస్తది" అన్నాడు. చిత్రిక పట్టాలంటే వానలు వెనకబడి కొయ్య ఆరిన తరువాతనే. ఆరాక కూడా తగులుతుంటేనే, తగిలిన చోట మాత్రమే, పలచగా తీయించాలి.

ఇంకొక రహస్యం. రంగు వేసేవాడు రెక్కకు ముందువైపు, వెనకవైపు, పక్కల వేస్తాడు. అడుగు అంచు మన కంటికి కనబడదు కనుక వదిలేస్తాడు. కొయ్య నీళ్లు తాగేది ముఖ్యంగా ఆ కోసిన చివరల నుంచే. కుళ్లడం మొదలయ్యేది అక్కడే. రెక్క కిందికి ఒక చిన్న అద్దం పెట్టి చూడండి, పచ్చి చెక్క కనబడుతుంది. రెక్క ఊడదీసినప్పుడు ఆ అడుగు అంచుకు ప్రైమరు, రెండు పూతలు రంగు వేయించండి. ఆ రెక్క ఆయుష్షు పెరుగుతుంది.

మరమేకు వదులైతే దాని స్థానంలో ఇంకా లావుది దూర్చకండి, కొయ్య చీలుతుంది. పాత చిల్లిలో వెదురు పుల్లనో, రెండు మూడు అగ్గిపుల్లలనో జిగురు పూసి బిగించి, ఒక రోజు ఆరనిచ్చి, పైకి వచ్చినది కోసేసి, అక్కడే మళ్లీ మరమేకు బిగించండి. ఇత్తడివిగాని, స్టెయిన్‌లెస్ స్టీలువిగాని వాడండి. స్టీలులో 304 అని, 316 అని రెండు రకాలు దుకాణాల్లో దొరుకుతాయి. ఉప్పుగాలికి తట్టుకునేది 316. ధర ఎక్కువే. కాని మనం కొనేది డజను, రెండు డజన్లు.

బందులకు, గడియలకు మిషను నూనె ఒక చుక్క వేసి, పైకి కారినది తుడిచేయాలి. వంటనూనె వేయకూడదు. అది నాలుగు నెలల్లో దుమ్ముపట్టి జిగురవుతుంది.

అద్దం చుట్టూ ఉండే లప్పం పాతబడి పెళుసుగా ఊడిపోతుంటే దానిపైనే కొత్తది మెత్తకండి. పాతదంతా గీకి, లోపలి కొయ్యగాడికి ముందు ప్రైమరు పూయాలి. పూయకపోతే పొడి కొయ్య లప్పంలోని నూనెను పీల్చేసుకుంటుంది, లప్పం పగుళ్లిస్తుంది. లప్పం పైపొర గట్టిపడిన తరువాత రంగు వేసేటప్పుడు అద్దం మీదికి సన్నటి గీతంత రంగు పోనివ్వాలి. చాలామంది దానిని పొరపాటనుకుని బ్లేడుతో గీకేస్తారు. అద్దానికీ లప్పానికీ మధ్య నీరు దిగకుండా ఆపేది ఆ గీతే.

ఇక చెదలు. చట్రం అడుగున, గోడ కలిసే చోట సన్నటి మట్టి గొట్టాలు కనబడితే తుడిచేసి ఊరుకోకండి. అవి వచ్చే దారి గోడలోనో నేలలోనో ఉంటుంది. చెదల మందు కొట్టేవారిని పిలవవలసిందే.

ఇనుప గ్రిల్లులు

ఇనుము విషయంలో మనం చేసే తప్పు ఒక్కటే. తుప్పుమీద రంగు వేయడం. అది ఆడిటువారు వచ్చేముందు ఫైలుకు కొత్త అట్ట వేసినట్లుంటుంది. లోపలి లెక్క మారదు.

క్రమం చెబుతాను, వ్రాసుకునేవారు వ్రాసుకోండి. ముందు తీగబ్రష్షుతో రాలే తుప్పంతా రాల్చాలి. తరువాత ఎమెరీ కాగితంతో రుద్దాలి. ఆ తరువాత చాలామంది చేయనిది, మంచినీళ్లతో కడగాలి. ఎందుకంటే గుంటల్లో ఉప్పు మిగిలితే ఎంత ఖరీదైన రంగు వేసినా దానికిందే మళ్లీ తుప్పు పుడుతుంది. కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో బాగా ఆరిన తరువాత అదే రోజు ప్రైమరు వేయాలి. రేపు వేద్దామంటే రాత్రి సముద్రపు గాలికి మళ్లీ ఉప్పు చేరుతుంది. ప్రైమరు ఆరాక రెండు పూతలు ఎనామిల్. మంచు పడే రోజుల్లో పొద్దున తొమ్మిది తరువాత మొదలుపెట్టి సాయంత్రం మంచు పడకముందే ముగించాలి.

ఊచలు గోడలోకి దిగే చోటు తప్పక చూడండి. ఇనుము తుప్పుగా మారితే ముందున్న దానికంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి సిమెంటు పగులుతుంది. పగుల్లోంచి నీరు, నీటితో మళ్లీ తుప్పు. కిటికీ మూలల్లో గోడ పగుళ్లు చూసి పునాది కుంగిందేమోనని కొందరు భయపడతారు. అన్నిసార్లూ పునాది కాదు, చాలాసార్లు ఊచ చివర.

గ్రిల్లు గురించి ఇంకొక మాట, ఇది ప్రాణానికి సంబంధించినది. దొంగల భయంతో ఇల్లంతా గ్రిల్లులు బిగిస్తాం. కరెంటు షార్టయి గదిలో పొగ కమ్మితే బయటపడే దారి ఏది? పడకగదిలో కనీసం ఒక కిటికీ గ్రిల్లు లోపలి నుంచి తెరుచుకునేట్లు ఉండాలి. దాని తాళం చెవి అదే గదిలో, చీకట్లో చెయ్యి చాస్తే అందే చోట, పిల్లలకూ పెద్దలకూ అందరికీ తెలిసిన చోట ఉండాలి. నెలకొకసారి తెరిచి చూడాలి. ఉప్పుగాలికి బిగుసుకుపోయిన తాళం ఉన్నా లేనట్లే.

జంట అద్దాల కిటికీలు

ఇప్పుడు కొత్తతరం సంగతికి వద్దాం. మన పిల్లలు విదేశాల్లోనో బెంగుళూరులోనో ఉంటారు. "నాన్నా, ఈ పాత కిటికీలు తీసేసి యు.పి.వి.సి. పెట్టించండి, జంట అద్దాలవి" అంటారు. డబ్బు కూడా వాళ్లే పంపుతారు. 2017లో మా ఇంట్లో ఏ.సి. గదికి అట్లాంటివి రెండు పెట్టించారు. మీలోనూ చాలామంది ఇళ్లలో ఉన్నాయని తెలుసు.

వీటిలో ఉన్న కిటుకు సులభమైనదే. రెండు అద్దాల మధ్య వేలెడు కంటే తక్కువ ఖాళీ ఉంటుంది. అందులో పొడిగాలిగాని, ఆర్గాన్ అనే వాయువుగాని నింపుతారు. కదలని గాలి వేడిని త్వరగా పోనివ్వదు. రెండు అద్దాల అంచుల మధ్య ఒక సన్నటి పట్టీ ఉంటుంది. ఆ పట్టీ బోలుగా ఉండి, దానిలో తేమను పీల్చే గుళికలుంటాయి. మన మందుల సీసాల్లో 'తినరాదు' అని వ్రాసి వేసే చిన్న పొట్లం ఉంటుంది చూశారా, ఆ జాతివే. చుట్టూ గాలి చొరబడకుండా రెండు వరుసల జిగురు మూత వేస్తారు.

2014 శీతాకాలంలో అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో మొదటిసారి వీటిని చూశాను. బయట మంచు, లోపల వెచ్చన. అక్కడ లోపలి వేడి బయటికి పోకుండా ఆపడం వాటి పని. మనకు పని తలకిందులు, బయటి వేడి లోపలికి రాకుండా ఆపాలి. ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు జంట అద్దం గాలి వేడిని ఆపుతుందిగాని, సూటిగా పడే ఎండను అంతగా ఆపదు. ఎండ అద్దంలోంచి వచ్చేస్తుంది. కనుక పడమటి కిటికీకి జంట అద్దాలున్నా బయట సన్‌షేడో, చెట్టు నీడో, తడికో ఉండాలి. ఎండాకాలం మన ఆఫీసుల్లో వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు, గుర్తుందా? ఎండను అద్దం దాకా రానివ్వకపోవడమే అన్నింటికన్నా మంచి మార్గం.

2022లో మా కిటికీ అద్దాల్లో ఒకదాని మీద పొగమంచులాగా కమ్మింది. తుడిస్తే పోలేదు. లోపలా తుడిచాను, బయటా తుడిచాను. మా ఆవిడ కూడా తుడిచింది. అది రెండు అద్దాల నడుమ ఉన్నది! బిగించినవారిని అడిగితే మొత్తం కిటికీ మార్చాలన్నారు. నేను గుమాస్తాను గదా, రెండో అభిప్రాయం లేనిదే ఫైలు కదలనివ్వను. ఇంకొక పనివాణ్ణి పిలిపించాను. అతను చట్రం నిక్షేపంగా ఉన్నదనీ, అద్దాల జత మాత్రం మారిస్తే చాలుననీ చెప్పాడు. మొత్తం కిటికీకి చెప్పిన ధరలో మూడో వంతుతో పని అయిపోయింది.

కనుక తేమ ఎక్కడున్నదో చూసి రోగం తెలుసుకోవచ్చు. మూడు రకాలు.

ఒకటి, గది బయటివైపు అద్దం చెమర్చడం. రాత్రంతా ఏ.సి. వేస్తే అద్దం చల్లబడుతుంది, బయటి ఉక్కపోత గాలిలోని తేమ దానిమీద నీరవుతుంది. చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమర్చినట్లే. ఇది కిటికీ తప్పు కాదు. ఏ.సి. రెండు డిగ్రీలు పెంచితే తగ్గుతుంది.

రెండు, గది లోపలివైపు చెమర్చడం. చలిదేశాల్లో ఇది ఎక్కువ. అక్కడున్న మన పిల్లలు ఇంట్లోనే బట్టలు ఆరేసి, గంటలకొద్దీ వంట చేసి, కిటికీలో నీళ్లొచ్చాయంటారు. వంటింటి ఫ్యాను వేసి, కాసేపు కిటికీ తెరిస్తే చాలు.

మూడు, రెండు అద్దాల నడుమ కమ్మడం. అంటే అంచు మూత విడిపోయింది, గుళికలు తాగగలిగినంత తేమ తాగేశాయి. దీనికి అద్దాల జత మార్చడమే మందు. చిల్లి పెట్టి ఆరబెడతామనేవారు ఉంటారు. కొద్దికాలం బాగున్నట్లుంటుంది గాని, పోయిన మూత మళ్లీ రాదు. పైగా ఆ అద్దం టఫెన్డ్ రకమైతే చిల్లి పెట్టబోగానే మొత్తం ముక్కలవుతుంది. కొత్తదాన్ని కూడా కొలతలు సరిగా తీసుకుని ఫ్యాక్టరీలో చేయించవలసిందే, ఇంటికి తెచ్చి కోయడం కుదరదు. కొత్త కిటికీ కొనేటప్పుడు అంచు మూతకు ఎన్నేళ్ల గ్యారంటీ ఇస్తారో అడిగి, బిల్లు మీద వ్రాయించుకోండి. నోటిమాటకు మన శాఖలోనే విలువ లేదు, బజారులో ఎక్కడుంటుంది?

ఆ మూత ఎందుకు విడిపోయింది? పనివాడు పాత అద్దం తీసి చూపించాడు. యు.పి.వి.సి. చట్రం అడుగున బయటివైపు చిన్న చిన్న చీలికలుంటాయి. లోపలికి చేరిన వాననీరు బయటికి పోయే దారులవి. మా ఇంటికి రంగులు వేసినవాడు వాటిని కన్నాలనుకుని సిలికాన్‌తో మూసేశాడు. నేనే దగ్గరుండి "బాగా మూశావబ్బయ్యా" అని మెచ్చుకున్నాను కూడా! నీరు పోయే దారి లేక అద్దం అడుగు అంచు నెలల తరబడి నీళ్లలో నానింది. దయచేసి ఇవాళ ఇంటికి వెళ్లగానే ఆ చీలికలు చూడండి. పన్నుపుల్లతో శుభ్రం చేయండి. ఒక గ్లాసు నీళ్లు పట్టాలో పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి.

జరిగే కిటికీల పట్టాల్లో మన తీరపు ఇసుక చేరి చక్రాలను అరగదీస్తుంది. పాత టూత్‌బ్రష్షుతో నెలకొకసారి ఊడ్చి తుడవండి. చట్రాన్ని సబ్బునీళ్లతో కడగాలి. థిన్నరు, ఆసిడ్, ఉప్పుకాగితం తాకించకూడదు. రబ్బరు పట్టీలకు కిరోసిను, గ్రీజు పూస్తే ఉబ్బి పాడవుతాయి. అద్దం అంచుల్లో సిలికాన్ వేయించేటప్పుడు పుల్లటి వినెగర్ వాసన వచ్చే రకం వద్దని, న్యూట్రల్ రకం కావాలని అడగండి. పుల్లటిది లోహాన్ని, జంట అద్దాల మూతనూ పాడుచేయవచ్చు. అల్యూమినియం కిటికీలపై తెల్లటి బూజులాగా లేచేది కూడా ఉప్పు చేసిన పనే. వాటికి అన్నింటికంటే చవకైన మందు మంచినీళ్లు, మెత్తని గుడ్డ. వాన తగలని సన్‌షేడు కిందివాటిని మరింత తరచుగా కడగాలి, ఎందుకంటే వాటిమీది ఉప్పును వాన కూడా కడగదు.

మన వయసుకు తగిన పని

ఇవన్నీ చెప్పి మిమ్మల్ని నిచ్చెన ఎక్కించడం నా ఉద్దేశం కాదు. 2018లో నేను పై గడియకు నూనె వేయడానికి స్టూలెక్కి పడ్డాను. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నాను. నూనె చుక్క విలువ ఎంత, ఎముక విలువ ఎంత? అప్పటినుంచి నాకొక నియమం ఉంది. రెండు కాళ్లూ నేలమీద ఉంచి చేతికి అందినంత మేరకే నా పని. చూడడం, కడగడం, కింది బందులకు నూనె వేయడం, రాసుకోవడం మనవి. ఎక్కవలసినది, బయటికి వంగవలసినది, అద్దం మోయవలసినది పనివాళ్లవి. మేడమీది కిటికీ అద్దం బయటివైపు తుడవడానికి వంగినవాళ్లు పడిన వార్తలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

తుఫాను ముందు

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను చూశాం, 1989 చూశాం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, అంతకుముందు మన తీరం వెంబడే సాగింది. మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

హెచ్చరిక వచ్చాక వడ్రంగి దొరకడు. అందుకే సెప్టెంబరు తనిఖీ. ప్రతి రెక్కనూ మూసి, గడియ వేసి, అరచేత్తో గట్టిగా నెట్టి చూడండి. కదిలితే పని ఉన్నట్లు. పెద్ద అద్దాలకు సరిపడా ప్లైవుడ్ పలకలు ముందే కోయించి, ఏది ఏ కిటికీదో నంబరు వేసి అటకమీద పెట్టించండి. అద్దానికి కాగితపు పట్టీలు అతికిస్తే పెంకులు చెదరకుండా కొంత ఆపుతాయి గాని, అద్దానికి బలం రాదు. గాలివైపు కిటికీల దగ్గర పడుకోకండి. గాలి హఠాత్తుగా ఆగిపోతే తుఫాను పోయిందనుకుని తలుపులు తీయకండి. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా కొడుతుంది. రేడియోలో చెప్పేదాకా లోపలే ఉండాలి. ఖాళీ చేయమని అధికారులు చెబితే మాత్రం కిటికీలను చూసుకుంటూ ఉండిపోవద్దు. ఇల్లు మనకోసం గాని మనం ఇంటికోసం కాదు.

కిటికీలకొక రిజిస్టరు

చివరిగా నా గుమాస్తా బుద్ధి ఒకటి. ఆఫీసులో మనకు పర్సనల్ రిజిస్టరు ఉండేది. వచ్చిన ప్రతి కాగితం అందులో ఎక్కేది, తేలేదాకా కనబడుతుండేది. మా ఇంట్లో ఒక నూరు పేజీల నోటుపుస్తకం ఉంది. కిటికీకి రెండు పేజీలు. ఎప్పుడు రంగు వేశాం, ఏ మరమేకు మార్చాం, అద్దం కొలత ఎంత, పనివాడి ఫోను నంబరు, బిల్లు, అన్నీ అందులోనే. మనం ఏటేటా బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇచ్చుకుంటాం గదా, ఆ వారంలోనే తొమ్మిది కిటికీలకూ ఒక్కొక్క సర్టిఫికెట్టు వ్రాస్తాను. రేపు మనం లేకపోయినా, పిల్లలు ఎక్కడినుంచో వచ్చి తాళం తీసినప్పుడు, ఆ ఇంటికి ఏం చేయాలో ఆ పుస్తకం చెబుతుంది.

ఈ రిజిస్టరులో ఒక నియమం మా ఆవిడ పెట్టినది. ఆమె చెప్పిన ఫిర్యాదు ఏదైనా ఎర్ర సిరాతో ఎక్కించాలి, ఏడు రోజుల్లో తేల్చాలి. తేలిన తరువాత ఆమే సంతకం చేయాలి. 1989 తరువాత ఈ షరతుకు అభ్యంతరం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె ఇక్కడే, మూడో వరుసలో కూర్చుని ఉన్నది. నేను చెప్పినదానిలో తప్పేమైనా ఉంటే సభ ముగిశాక ఆమెను అడగండి.

 ఇంటికి వెళ్లగానే తూర్పు కిటికీ పైబందు ఒక్కసారి చూడండి. మరమేకులు మూడూ ఉన్నాయో లేవో లెక్కపెట్టండి.

సెలవు. నమస్కారం.